చెదిరిన ఫోటో మీద కుంచె

శ్రోతలకు నమస్కారం.

భోగి రోజు తెల్లవారుజామున మా వీధి మొగలో మంట వేశారు. పిల్లల పిడకల దండలన్నీ పడ్డాక, మా పెదనాన్న శాలువా భుజం మీదికి ఎగదోసుకుని ఒక తాటిదుంగను మంటలోకి తోస్తున్నారు. సరిగ్గా అప్పుడే మా తమ్ముడు ఫోన్ తీసి నొక్కాడు. ఎలా వచ్చిందంటే, మంట మొత్తం ఒక తెల్లటి ముద్ద. పెదనాన్న చెయ్యి ఉండాల్సిన చోట మసక చార. వెనకాల చీకట్లో ఎర్రవీ పచ్చవీ ఆవాలు చల్లినట్టు చుక్కలు. “బాగా రాలేదన్నయ్యా, తీసేస్తున్నా” అన్నాడు. తీసెయ్యకు, నాకు పంపమన్నాను.

తప్పు వాడిది కాదు. చీకట్లో వెలుతురు చాలక కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆలోగా కదిలినదల్లా అలుక్కుపోతుంది. అందిన కాస్త వెలుగునూ బలవంతంగా పెంచితే ఆ చుక్కలు తేలతాయి. మంట సంగతి వేరు. ఫోటో అంటే పిక్సెల్స్ అనే సన్నటి రంగు గడుల కూర్పు. అందులో ప్రతి పిక్సెల్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, సున్నా నుంచి 255 దాకా. మంట నడిమధ్యన మూడూ 255కి చేరి ఆగిపోయాయి. గిన్నె నిండి పొర్లిన పాలు ఎన్నో గిన్నెను చూసి చెప్పలేం కదా, ఇదీ అంతే. ఆ వివరం ఫోటోలో లేనే లేదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఊహించి అతికించాల్సిందే. అలా అతికించిన ముఖాలు చూశాను. నున్నగా, అందంగా ఉంటాయి. మనవాళ్ళవి మాత్రం కావు.

అయితే ఫోటోగా పనికిరానిది బొమ్మకు పనికిరావచ్చు. కుంచె పట్టినవాడు ఎలాగూ సగం వదిలేస్తాడు. అందుకే నేను ముందు ఫోటోను తపాలా బిళ్ళంత చేసి చూస్తాను. అంత చిన్నగా ఉన్నా కథ తెలుస్తోందంటే బొమ్మ అవుతుంది. ఇందులో తెలిసింది. చీకటి, వెలుగు, వాటి మధ్య వంగిన ఒక మనిషి.

మసక అనేది ఎప్పుడూ లోపమేనా అన్న తగువు పాతదే. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆవిడకు 1863లో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ కెమెరా కానుకిచ్చారు. ఆవిడ తీసిన ముఖాలు మసగ్గా ఉన్నాయని అప్పటి ఫోటోగ్రఫీ పత్రికలు తప్పుబట్టాయి. ఇప్పుడవి లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. ఇక ఫోటో మీద రంగులు వెయ్యడం మన దేశంలో కొత్తేం కాదు. 19వ శతాబ్దం రెండో సగంలోనే సంస్థానాల చిత్రకారులు ప్రింటు మీద నేరుగా రంగులు పూసి, అడుగున ఫోటో ఉందని కూడా తెలియకుండా చేసేవారు.

నేను వాడేది క్రిటా అని, కంప్యూటర్ మీద బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది. తమ్ముడు పంపిన ఫోటో పొడవు 1600 పిక్సెల్స్. అంగుళానికి 300 చొప్పున అచ్చు వేస్తే అయిదంగుళాల పైచిలుకు, అంతే. నాకు 18 అంగుళాల బొమ్మ కావాలి. కాబట్టి మొదలుపెట్టకముందే 5400కి పెంచేశాను. ఫోటో ఇంకా పాడైంది, అవనీ. దాని మీద అద్దంలాంటి పొర పరిచినట్టుండే కొత్త లేయర్‌లో నేను వేసే గీత మాత్రం స్పష్టంగానే పడుతుంది.

ముందు పెద్ద కుంచెతో చీకటి పూశాను. నలుపు కాదు, ముదురు నీలం. ఆవాల చుక్కలన్నీ దాని కింద పోయాయి. తెల్లముద్దను లేత పసుపు చేసి, అంచులకు నారింజ, ఆ పైన నిప్పురవ్వలు నాలుగు. మంట రంగు ఫోటోలో లేదు గాని, పెదనాన్న శాలువా మీద పడిన వెలుగులో ఉంది. అక్కణ్ణుంచే రంగు తీసుకున్నాను. చెయ్యి దగ్గర చాలాసేపు ఆగాను. మొదట అయిదు వేళ్ళూ వేశాను. దుంగ తోసే చెయ్యి కాస్తా ఆశీర్వదించే చెయ్యిలా తయారైంది. చెరిపేసి, చెయ్యి కదిలిన దిక్కుకే ఒక్క వెడల్పాటి గీత లాగాను. తోసే ఊపు వచ్చింది.

ఇంత కష్టమెందుకు, ఒక్క నొక్కుతో ఆయిల్ పెయింటింగ్ చేసే ఫిల్టర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాని చాలామటుకు వాటికి గోడా ముఖమూ ఒకటే, రెండింటికీ అదే సైజు గీతలు. ఎక్కడ చెయ్యి ఆపాలో వాటికి తెలియదు.

నాకు మాత్రం అన్నీ తెలుసా అంటే, వినండి. బొమ్మ పూర్తి చేసి గర్వంగా తీసుకెళ్ళి చూపించాను. పెదనాన్న చాలాసేపు చూశారు.

“ఏరా, నా కళ్ళజోడేదీ? భోగి మంటలో వేసేశావా?”

ఇంటికొచ్చి ఫోటో మళ్ళీ పెద్దది చేసి వెతికాను. ముక్కుకు అటూ ఇటూ రెండు పచ్చటి చుక్కలు. మిగతా ఆవాల్లో అవీ రెండనుకుని ముందే పూసేశాను. అవి కళ్ళజోడు అద్దాల్లో మంట నీడలు.

అన్నిటికన్నా చిన్న కుంచె తీసుకుని ఆ రెండు చుక్కలూ తిరిగి పెట్టాను. చట్రం గియ్యలేదు, అవసరం రాలేదు. మర్నాడు మళ్ళీ పట్టుకెళ్ళాను. పెదనాన్న కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడిచి, పెట్టుకుని చూశారు.

“బాగుందిగానీ, ఎడమ అద్దం మీద గీతుండాలి కదరా” అన్నారు.