తల ఎత్తేసరికి వేరే మనిషి

శ్రోతలకు నమస్కారం. ఇవాళ ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి, అందులోనూ నాకెంతో ఇష్టమైన ఒక్క సీను గురించి చెబుతాను. సినిమా పేరు 'ది త్రీ ఫేసెస్ ఆఫ్ ఈవ్'. 1957లో వచ్చింది. తీసినవాడు నన్నలీ జాన్సన్. అమెరికాలోని జార్జియాలో ఇద్దరు మానసిక వైద్యులు చూసిన నిజం కేసే దానికి ఆధారం.

ఈవ్ వైట్ నెమ్మదైన ఇల్లాలు. భర్త, చిన్న కూతురు. విపరీతమైన తలనొప్పి వస్తుంది, కాసేపు ఏం జరిగిందో గుర్తుండదు. ఒకరోజు ఇంట్లో ఖరీదైన కొత్త బట్టలు కనిపిస్తాయి. కొన్నది తనే. కానీ ఆ సంగతి తనకే తెలియదు. నేను కొనలేదని మొత్తుకున్నా భర్త నమ్మడు.

ఇక ఆ సీను. డాక్టర్ లూథర్ గదిలో ఈవ్ బెదురుగా కూర్చుని, ఎవరిదో గొంతు వినిపిస్తోందని చెబుతుంది. చెబుతూ చెబుతూ తల పట్టుకుని కిందికి వంచేస్తుంది. తల ఎత్తేసరికి వేరే మనిషి! కళ్లలో చిలిపితనం, మాటలో తెగువ. నైలాన్ ఒంటికి పడదంటూ మేజోళ్లు విప్పేస్తుంది. ఈమె ఈవ్ బ్లాక్, అదే మనిషిలోని రెండో వ్యక్తిత్వం. ఈమెకు ఈవ్ వైట్ సంగతులన్నీ తెలుసు. ఆమెకు మాత్రం ఈమె ఉన్నట్టే తెలియదు.

అదే మొహం, అవే బట్టలు, అదే గది. అయినా వేరే మనిషి. జోఆన్ వుడ్‌వర్డ్‌కు ఉత్తమ నటి ఆస్కార్ ఊరికే రాలేదు. డాక్టర్ పాత్ర కూడా నాకు చాలా ఇష్టం. లోపల ఎంత కంగారున్నా గద్దించడు. పేరు అడుగుతాడు, మాట్లాడనిస్తాడు.

సినిమా చివర, చిన్నప్పుడు ఇంట్లో పెద్దావిడ శవాన్ని బలవంతంగా ముద్దు పెట్టించిన జ్ఞాపకం బయటపడుతుంది. దాంతో ఈ ఇద్దరూ పోయి, మధ్యలో వచ్చిన జేన్ అనే మూడో వ్యక్తిత్వమే మిగులుతుంది, కథ సుఖాంతం. అసలు మనిషి క్రిస్ కాస్ట్నర్ సైజ్‌మోర్ జీవితంలో మాత్రం అలా జరగలేదు. కొత్త వ్యక్తిత్వాలు వస్తూనే ఉన్నాయి. ఆమె కుదుటపడింది 1970లలో. ఆ తర్వాత తన కథ తనే రాసుకుంది, బొమ్మలు వేసింది, మానసిక ఆరోగ్యం గురించి ఎన్నోచోట్ల ప్రసంగించింది.

అందుకే ఒక్క మాట. మీ ఇంట్లో ఎవరైనా చేసిన పని గుర్తులేదంటే, నాటకమనో గాలి సోకిందనో అనకండి. మూర్ఛ కావచ్చు, మందుల ప్రభావం కావచ్చు, మరొకటి కావచ్చు. అది తేల్చాల్సింది డాక్టరే. ఏ రోజు, ఏ వేళ, ఏం జరిగింది అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి. కాస్త నయమనిపించగానే వైద్యం ఆపకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.