గాలిలోనా, నైట్రోజన్‌లోనా? రేడియేషన్ పడిన పోగుల సంగతి

అందరికీ నమస్కారం.

పాలిమర్ పోగులకు రేడియేషన్ ఇచ్చామనగానే "ఎన్ని కిలోగ్రేలు?" అని, అంటే డోసు ఎంత అని అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సింది "గాలిలోనా, నైట్రోజన్‌లోనా?" అని, అంటే ఆక్సిజన్ ఉన్నచోటా, లేనిచోటా అని.

గామా కిరణమైనా, ఎలక్ట్రాన్ బీమ్ అయినా పాలిమర్ అణువుల పొడవాటి గొలుసుల్లోని బంధాలను తెంచి ఫ్రీ రాడికల్స్‌ను, అంటే జత లేని ఎలక్ట్రాన్‌తో దేనితోనైనా కలవడానికి సిద్ధంగా ఉండే ముక్కలను పుట్టిస్తుంది. పక్కపక్క గొలుసుల మీది రాడికల్స్ రెండు కలిస్తే క్రాస్‌లింక్, అంటే రెండు గొలుసులను కలిపే అడ్డబంధం పడుతుంది. ఆలోపే ఆక్సిజన్ పట్టుకుంటే పెరాక్సైడ్‌గా మారి, చివరికి గొలుసు తెగుతుంది. మందపాటి దిమ్మెలో ఆక్సిజన్ పైపొర దగ్గరే ఖర్చయిపోతుంది. పోగు మందం 20 మైక్రాన్లే కాబట్టి నడిమధ్యకూ చేరుతుంది. దిమ్మె మీద చేసిన పరీక్షను నమ్మి పోగుకు డోసు నిర్ణయించడం అందుకే తప్పు.

ఎక్కువగా దెబ్బతినేది పాలీప్రొపిలీన్. స్టెరిలైజేషన్‌కు సాధారణంగా ఇచ్చే 25 కిలోగ్రేల తర్వాత, మర్నాడు లాగి చూస్తే పోగు బాగానే ఉన్నట్టుంటుంది. కానీ స్ఫటిక భాగాల్లో చిక్కుకున్న రాడికల్స్ నెలల తరబడి ఒక్కొక్కటే బయటికొచ్చి ఆక్సిజన్‌తో కలుస్తుంటాయి. మూడు నెలలకు బట్ట పెళుసెక్కి చిరుగుతుంది. కాబట్టి మర్నాడు, నెలకు, మూడు నెలలకు పరీక్షించండి. చూడాల్సింది తెగే ముందు పోగు ఎంత సాగిందన్నది. బలం కన్నా ముందు పడిపోయేది అదే. గామాకు గంటలు పట్టే డోసును ఎలక్ట్రాన్ బీమ్ సెకన్లలో ఇస్తుంది, ఆక్సిజన్ లోపలికి చేరే వ్యవధి తగ్గుతుంది. ఆక్సిజన్ దెబ్బను అడ్డుకునే ఫినాలిక్ స్టెబిలైజర్ వేస్తే మాత్రం బట్ట పసుపు తిరగొచ్చు.

పాలిస్టర్‌కు ఈ బెడద తక్కువ, దానిలోని బెంజీన్ వలయాలు శక్తిని చాలావరకు వేడిగా మార్చేస్తాయి. టెఫ్లాన్ పోగును గాలిలో రేడియేషన్‌కు పెట్టనే వద్దు.

బీమ్‌తో వేడి చిక్కు ఉంది. కిలోగ్రే అంటే కిలోకు ఒక కిలోజౌల్. 100 కిలోగ్రేలు ఒక్క విడతలో ఇస్తే పాలిథిలీన్ సుమారు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. బాగా సాగదీసిన పోగు బిగువు సడలుతుంది. నాలుగు విడతలుగా ఇచ్చి, మధ్యలో చల్లారనివ్వాలి.

ఆక్సిజన్‌ను తప్పిస్తే ఎంత లాభమో సిలికాన్ కార్బైడ్ పోగులో కనిపిస్తుంది. దాని ముడిపోగు పాలీకార్బోసిలేన్. కొలిమిలో కరగకుండా దాన్ని ముందు క్రాస్‌లింక్ చేయాలి. గాలిలో వేడిచేసి చేస్తే చివరి పోగులో బరువులో సుమారు 12 శాతం ఆక్సిజన్ మిగులుతుంది. హీలియంలో ఎలక్ట్రాన్ బీమ్‌తో చేస్తే అర శాతానికి దిగుతుంది. అయితే బీమ్ ఆపగానే పాత్ర మూత తీయకూడదు: అదే హీలియంలో వేడిచేసి, మిగిలిన రాడికల్స్‌ను ముందు లేకుండా చేయాలి.