టోనర్ సీసా వెనక్కి తిప్పండి: గ్లిజరినా, హయలురోనిక్కా, మొగలి నీళ్లా?

నమస్కారమండీ. ఇవాళ బల్ల మీద నాలుగు సీసాలున్నాయి, నాలుగూ హైడ్రేటింగ్ టోనర్లమనే, అంటే ముఖం కడిగాక చర్మానికి తేమ పట్టించే నీళ్లమనే చెప్పుకుంటాయి. ముందు వైపు కాగితం అంటించి కంపెనీ పేర్లు మూసేశాను. ఆ పేర్లతో మనకి పని లేదు, సీసా వెనక రాసిందే చదువుదాం.

లేబుల్ మీద ఏది ఎక్కువుంటే దాని పేరు ముందొస్తుంది. కానీ ఒక శాతం లోపు ఉన్నవాటిని కంపెనీవాళ్లు ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. మరి ఆ ఒక శాతం గీత ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఫినాక్సీఇథనాల్ అనే పేరు వెతకండి. అది ప్రిజర్వేటివ్, అంటే సరుకు పాడవకుండా ఉంచేది, మామూలుగా ఒక శాతం దాటించరు. కాబట్టి దాని తర్వాత కనిపించే పేర్లన్నీ చిటికెడు సరుకే అనుకోండి.

ఇదిగో మొదటి సీసా: నీరు, గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్, బీటైన్, పాంథెనాల్, ఫినాక్సీఇథనాల్, ఆ తర్వాత సోడియం హయలురోనేట్, అంటే హయలురోనిక్ యాసిడ్ లవణ రూపం. "అయ్యో, హయలురోనిక్ చివర్న ఉందే" అనుకుంటారేమో. అది తప్పు కాదండి. 0.1, 0.2 శాతం వేస్తే చాలు దానికి. ఒక శాతం దాటితే టోనర్ కాస్తా జెల్లు అయిపోతుంది. అదే గ్లిజరిన్ గనక ఫినాక్సీఇథనాల్ తర్వాత కనిపిస్తే ఆ సీసా అక్కడే పెట్టేయండి. గ్లిజరిన్ పని చెయ్యాలంటే మూడు నుంచి ఐదు శాతం ఉండాలి, పాంథెనాల్ ఒకటి నుంచి ఐదు.

ఇంకో కిటుకు. ముందు వైపు "2% హయలురోనిక్" అని పెద్దక్షరాల్లో ఉంటే, అది పొడా, ద్రావణమా అని ఆరా తియ్యండి. ఒక శాతం ద్రావణాన్ని రెండు శాతం కలిపితే అసలు సరుకు 0.02 శాతమే. అబద్ధం చెప్పినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు.

రెండో సీసాలో నీరు తర్వాత ఆల్కహాల్ డీనాట్ (ఇట్టే ఆవిరయ్యే ఆల్కహాల్), విచ్ హేజల్ అనే మొక్క సారం, చివర్న మెంథాల్, పరిమళం. రాయగానే చల్లగా ఉంటుంది, పది నిమిషాలకి బుగ్గలు బిగుసుకుంటాయి. నా లెక్కలో ఇది హైడ్రేటింగ్ కాదు. సెటియరిల్ ఆల్కహాల్ అని పేరు కనిపిస్తే మాత్రం భయపడకండి, అది కొవ్వు జాతిది, చర్మాన్ని ఎండబెట్టదు.

మూడోది ప్రొపనడయాల్ (తేమ పట్టి ఉంచేది), నయాసినమైడ్ (విటమిన్ బి3) రకం. తేలిగ్గా ఉంటుంది, జిడ్డు చర్మానికి బాగుంటుంది. నయాసినమైడ్ రెండు నుంచి ఐదు శాతం చాలు. పది శాతం వేస్తే కొందరికి ముఖం ఎర్రబడి మండుతుంది.

ఇప్పుడు మన ఒడిశా ఊళ్ల గాలి సంగతి. బరంపురం, గోపాల్‌పూర్ వైపు వానాకాలంలో గాలిలోనే తేమ ఉంటుంది, చెమట సరే సరి. అక్కడ గ్లిజరిన్ రెండో పేరుగా చిక్కగా ఉన్న టోనర్ జిగట జిగటగా అనిపిస్తుంది. మూడో సీసా చాలు, పైన పల్చని జెల్ క్రీమ్. కోరాపుట్, జయపురం కొండల్లో డిసెంబరు చలికి లెక్క వేరు. పొడి గాలి పై తేమని లాగేస్తుంది, ఒట్టి టోనర్ రాసి వదిలేస్తే చర్మం ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది. అక్కడ మొదటి సీసా తీసుకోండి, నిమిషం లోపు దాని మీద మాయిశ్చరైజర్ పడాలి.

రాసే పద్ధతి: ముఖం కడిగి తువ్వాలుతో అద్దండి, పూర్తిగా ఆరనివ్వకండి. అరచేతిలో రూపాయి బిళ్లంత, ఒక మిల్లీలీటరు, వేసుకుని నొక్కుతూ పట్టించండి. దూది వద్దు, సగం అదే తాగేస్తుంది. ఇలా రోజుకి రెండుసార్లు వాడితే 100 మి.లీ. సీసా 50 రోజులొస్తుంది, ధర ఆ లెక్కన చూసుకోండి. సన్‌స్క్రీన్ రాస్తుంటే రబ్బరు తుక్కులా ఉండలు కడుతోందా? కింది పొరలు ఆరకముందే సన్‌స్క్రీన్ రుద్దుతున్నారన్నమాట. మోతాదు తగ్గించి, సన్‌స్క్రీన్‌కి ముందు కాస్త ఆగండి.

నాలుగో సీసా మొగలి నీళ్లు, అదే కేవడా. గంజాం కేవడా పువ్వుకి, దాని రూహ్‌కి (పువ్వు నుంచి తీసే సుగంధ తైలానికి) జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు ఉంది, ఆ ఘనత ఎవరూ కాదనరు. కానీ కిరాణా కొట్లో దొరికే సీసా మిఠాయిలకీ బిర్యానీకీ. దాంట్లో నీటిని పట్టి ఉంచేది ఏదీ లేదు, ఉన్నదల్లా వాసనే. కొన్నిటిలో అదీ కృత్రిమమే. సున్నిత చర్మం వాళ్లు ముఖానికి రాయకండి, రసమలైలో వేసుకోండి.

డబ్బు పెట్టడం ఇష్టం లేదంటే కాచి చల్లార్చిన నీళ్లు 50 మి.లీ., మందుల షాపు గ్లిజరిన్ అర టీస్పూను. సుమారు ఐదు శాతం అవుతుంది. బ్యాటరీ నీళ్లు వాడొద్దు. గ్లిజరిన్‌ని నీళ్లు కలపకుండా నేరుగా ముఖానికి పూయొద్దు, అది చర్మంలోని నీటినే లాగుతుంది. ఇందులో ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి శుభ్రమైన సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజులే వాడాలి. నాలుగో రోజుకి మిగిలితే పారబోసి, సీసా వేడినీళ్లతో కడిగి మళ్లీ కలుపుకోండి.