లాకు తలుపు మీద నీటి బలం

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీద పెద్దలకి, వెనక వరసల్లో కనబడుతున్న నా పాత శిష్యులకి నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు, సంతోషం. పాస్కల్, ఆర్కిమెడిస్, బెర్నౌలీ వరసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను. కానీ వస్తూ వస్తూ కాలవ మీద పడవల కోసం తలుపులు పెట్టిన లాకుల దగ్గర ఆగాను. ఇక నాకు వేరే మాట రావడం లేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు పరీక్షలో ఓ లెక్క ఇచ్చారు. మూడు మీటర్ల వెడల్పు తలుపు, ఒకవైపు రెండు మీటర్ల లోతు నీళ్లు, రెండోవైపు ఖాళీ. బలం ఎంత? అడుగున పీడనం కట్టాను: నీటి సాంద్రత, గురుత్వ త్వరణం, లోతు గుణించి 1000 × 9.8 × 2, అంటే 19,600 పాస్కల్‌లు. తలుపు తడిసిన మేర 6 చదరపు మీటర్లు. గుణించి 1,17,600 న్యూటన్లని రాశాను. ఎర్ర సిరాతో కొట్టేశారు. ఎందుకు తప్పండీ అని అడిగితే, 'సూత్రం బట్టీ పట్టు' అన్నారు. ఆ మాట ఇన్నేళ్లయినా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

నాకు జవాబు చెప్పింది లాకుల తలుపులు తీసి మూసే లస్కరు. పాత తలుపు ఒకటి గట్టు మీద పడుకోబెట్టి ఉంది. దాని అడ్డకమ్ములు కింద దగ్గర దగ్గరగా, పైకి వెళ్లేకొద్దీ ఎడంగా ఉన్నాయి. ఎందుకు బాబాయ్ అన్నాను. "పైన నీళ్లు తడుపుతాయి అబ్బాయ్, కింద తోస్తాయి" అన్నాడు. అంతే!

ఆ రాత్రి బొమ్మ గీశాను. గాలి రెండువైపులా నొక్కుతుంది కాబట్టి దాన్ని వదిలెయ్యొచ్చు. నీటిమట్టం దగ్గర పీడనం సున్నా, అడుగున 19,600, మధ్యలో సమానంగా పెరుగుతుంది. సగటు 9,800. ఆరుతో గుణిస్తే 58,800 న్యూటన్లు, ఇంచుమించు ఆరు టన్నుల బరువు. ఇంకోటి చూడండి. తలుపు వెనక నీళ్లు ఎంత దూరం ఉన్నాయో ఈ లెక్కలో ఎక్కడా లేదు. కదలని నీరైతే, కాలవ ధవళేశ్వరం దాకా నిండి ఉన్నా, గోడ కట్టి బారెడు నీళ్లే ఆపినా బలం ఒక్కటే.

గోదావరి మీద కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ కాలవలు చేలు తడపడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. నీటిమట్టం మారే చోట పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చాలి కాబట్టి లాకులు. మీ పుస్తకంలో ఉన్న అధ్యాయం మీ ఊళ్లో కట్టి ఉందర్రా! అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. నిటారు పక్కలున్న పడవ మంచినీళ్లలో 40 సెంటీమీటర్లు మునిగితే, సముద్రంలో 39 మునుగుతుంది. మంచినీళ్ల సాంద్రత ఘనపు మీటరుకి 1000 కిలోలైతే ఉప్పునీటిది 1025 కదా, అందుకని.

అధ్యాపక మిత్రులారా, మీకు దండం పెడతాను. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టే కిటుకు తర్వాత చెప్పండి. పిల్లాడి చేత ముందు బొమ్మ గీయించండి. తప్పు చేస్తే ఎక్కడ తప్పాడో చెప్పండి. వట్టి అడ్డగీత కొట్టి పంపకండి.

బెర్నౌలీకి టైం లేదు. పిల్లలూ, నోట్‌బుక్కులు తీయండి. అదే తలుపు. ఒకవైపు రెండు మీటర్లు, రెండోవైపు ఇప్పుడు ఒక మీటరు నీళ్లు వచ్చాయి. బలం సగమైందా? కాలేదు. ఇంకా ముప్పాతిక వంతు, 44,100 న్యూటన్లు మిగిలే ఉంది. రెండు మట్టాలూ కలిసేదాకా లస్కరు తలుపు తీయకుండా ఎందుకు కూర్చునేవాడో ఇప్పుడు గీసి చూడండి. నేను బల్లల మధ్యకి వస్తున్నాను.