సిగార్ నలుపుకూ ఘాటుకూ సంబంధం లేదు

నమస్కారం. విదేశయాత్రలో ఒక మంచి సిగార్ రుచి చూద్దామనుకునే మిత్రులు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "నల్లటిది ఘాటుగా ఉంటుంది కదా, లేత రంగుది తీసుకోనా?" ఎన్నిసార్లు చెప్పినా ఈ అపోహ పోవడం లేదు కనుక, ఈసారి మిరపకాయల సాయం తీసుకుంటున్నాను.

బ్యాడిగి మిరపకాయ ముదురెరుపు రంగుతో కూరకు అందం తెస్తుందే గాని, దాని కారం అంతంత మాత్రమే. గుంటూరు సన్నాలు రంగులో దానికి తీసికట్టే అయినా, నాలుకకు తగలగానే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. సిగార్ పైఆకు సంగతీ ఇంతే. మదూరో అనే నల్లని పైఆకుకు ఆ రంగు ఎక్కువ కాలం పులియబెట్టడం వల్ల వస్తుంది; ఆ క్రమంలో చాలాసార్లు కాస్త తీపిదనం కూడా చేరుతుంది. అంటే మదూరో మన బ్యాడిగి వంటిది.

మరి కారం ఎక్కడ ఉన్నది? లోపలి ఆకులలో ఉన్నది. పొగాకు మొక్క పైభాగాన ఎండను బాగా తాగిన దళసరి ఆకును లిగేరో అంటారు, ఘాటు దానిది. నడిమి ఆకైన సెకో వాసననిస్తుంది, అడుగు ఆకైన వొలాడో చక్కగా కాలడానికి తోడ్పడుతుంది. చుట్టేవారు ఏ ఆకు ఎంత వేశారన్నదే ఘాటును నిర్ణయిస్తుంది, కాని అది బయటి నుంచి చూస్తే తెలియదు.

నా బల్ల మీద ఉన్న ఈ రెండింటినీ చూడండి. ఒకటి హోయో దె మాంతెరే ఎపిక్యూర్ నంబర్ 2, రెండవది పర్తగాస్ సెరీ డి నంబర్ 4. రెండూ క్యూబావే, రెండింటి పొడవూ 124 మిల్లీమీటర్లే, రెండింటి రింగ్ గేజ్ 50. గేజ్ అంటే వ్యాసాన్ని అంగుళంలో 64వ వంతులలో చెప్పే కొలత. రంగులో పెద్ద తేడా కనిపించదు, అయినా మొదటిది మృదువైనది, రెండవది గుంటూరు కారం. అలవాటు లేనివారు పర్తగాస్‌తో మొదలుపెట్టడం అన్నప్రాశన నాడే ఆవకాయ తినిపించడం వంటిదని నా అభిప్రాయం.

లావుగా ఉన్నది ఘాటన్నది మరొక అపోహ. బజ్జీ మిరపకాయ లావుగా ఉండి చప్పగా ఉండదా? లావు సిగార్ సాధారణంగా చల్లగా, నిదానంగా కాలుతుంది. లాన్సెరో అనే సన్నని, పొడవాటి 38 గేజ్ సిగార్‌ను తొందరపడి పీలిస్తే అదే నోరు కాలుస్తుంది. మధ్యేమార్గం కావాలంటే, 42 గేజ్ ఉన్న మాంటెక్రిస్టో నంబర్ 4 చాలు.

దుకాణంలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉంచే గదిలోనివే కొనండి. పెట్టె కాకుండా విడిగా ఒకటి అడగండి. బొటనవేలితో, చూపుడువేలితో సుతారంగా నొక్కితే కొద్దిగా అణిగి మళ్లీ లేవాలి; కరకరమంటే ఎండిపోయినట్లే.

సమయం తక్కువగా ఉన్నది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. హవానా వీధులలో చవకగా అమ్మజూపే కొహీబా అనే పేరుమోసిన క్యూబా బ్రాండు సిగార్లు చాలావరకు రంగు కలిపిన కారప్పొడి వంటి నకిలీలు; గాజు మూత పెట్టె కనిపిస్తే కొనవద్దు, లా కాసా దెల్ హబానో వంటి అధీకృత దుకాణాలకే వెళ్లండి. అమెరికాలో 1962 నుంచి క్యూబాపై వాణిజ్య నిషేధం ఉన్నందున అక్కడి దుకాణాలలో కొహీబా, మాంటెక్రిస్టో పేర్లు కనిపించినా అవి క్యూబావి కావు. డొమినికన్ రిపబ్లిక్ వంటి చోట్ల తయారైనవి. క్యూబావి కానంత మాత్రాన నాసిరకమని కాదు, నికరాగ్వాలోని ఎస్తెలీ సిగార్లు నాకు ఎంతో ఇష్టం.

పొగను ఊపిరితిత్తులలోకి పీల్చకపోయినా నికోటిన్ నోటిపొర గుండా ఒంట్లోకి చేరుతుంది, నోటి క్యాన్సర్ ముప్పు కూడా ఉన్నది. కనుక పొగ అలవాటు లేనివారిని మొదలుపెట్టమని నేను చెప్పను.

తిరుగు ప్రయాణంలో భారతదేశానికి సుంకం లేకుండా 25 సిగార్ల వరకు తెచ్చుకోవచ్చు, అయితే ఆ వాటాలో సిగరెట్లు కూడా కలిపి తెచ్చుకోవడం కుదరదు. సింగపూర్‌లో దిగేవారు మాత్రం ఒక్క సిగార్ ఉన్నా కస్టమ్స్ వారికి చెప్పి సుంకం కట్టవలసిందే.