టర్బో పోయిందన్నారా? ముందు ఇది చూడండి: ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో ఆయిల్ లీకు, ఎగ్జాస్ట్ లీకు పట్టుకోవడం

నమస్తే అందరికీ. తిరుపతి కరకంబాడి రోడ్డు షెడ్డు నుంచి మాట్లాడుతున్నాను. లిఫ్టు మీద ఉన్నది పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. మన దేశంలో 2004లో వచ్చింది. 1.8 లీటర్ ఇంజన్, సిలిండర్‌కు ఐదేసి చొప్పున 20 వాల్వులు, టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేది), 150 హార్స్‌పవర్. ఇంత పెద్ద డిక్కీ ఉన్నది స్పోర్ట్స్ కారెలా అవుతుంది అనేవాళ్లు ఒక్కసారి రెండో గేర్‌లో తొక్కి చూసి, ఆ తర్వాత మాట్లాడండి.

ఓనర్ చెప్పింది ఇదీ. కొండ ఎక్కి దిగాక సిగ్నల్ దగ్గర ఆగితే మాడు వాసన. గేజు తీసి చూస్తే ఆయిల్ తగ్గుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్ అని చప్పుడు, పది నిమిషాలకు అదే పోతుంది. పికప్ కూడా తగ్గింది. ఇంకోచోట చూపిస్తే బానెట్ ఎత్తి, కింద ఆయిల్ చూసి, "టర్బో పోయింది, మార్చాలి" అన్నారట. పావుగంటలో తేల్చేశారు. టర్బో పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మాట అనేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఈ వీడియో అంతా అవే.

మొదటి పని కడగడం. తమ్ముడూ, లైటు కొంచెం వెనక్కి పట్టు. ఇదిగో, ఇంజన్ వెనక భాగం. ఈ బండిలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల జత), టర్బో రెండూ వెనక, కేబిన్ గోడకు ఆనుకుని ఉంటాయి. చేయి దూరడమే కష్టం. ఏళ్ల తరబడి కారిన ఆయిల్, దాని మీద దుమ్ము, అంతా నల్లగా గడ్డకట్టి ఉంది. ఇలా ఉన్నప్పుడు కొత్త లీకేదో పాత మురికేదో దేవుడికి కూడా తెలియదు. ఇంజన్ చల్లారాక డీగ్రీజర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడవండి. కిరోసిన్, పెట్రోలు పోసి కడగడం కొన్ని షెడ్లలో ఇంకా చూస్తున్నాను. ఈ బండికి అది వద్దే వద్దు. లోడ్ మీద టర్బోలోకి వచ్చే పొగ వేడి 800, 900 డిగ్రీలుంటుంది. మూలన ఎక్కడైనా తడి మిగిలితే మంటలే. ప్రెజర్ వాటర్ కూడా దగ్గర పెట్టి కొట్టకండి, పైన ప్లగ్గుల మీద కాయిల్స్ ఉన్నాయి.

తుడిచాక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ఆయిల్ కిందికి కారుతుంది, బండి పోయేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది. వానాకాలం మిద్దె కారడం లాంటిదే, చుక్క పడేది ఒకచోట, పగులు ఇంకోచోట. అందుకని కింద ఛాంబర్ దగ్గర, అంటే ఆయిల్ నిలిచే తొట్టి దగ్గర, చుక్క చూసి ఛాంబర్ ప్యాకింగ్ (జాయింట్‌లో ఆయిల్ కారకుండా వేసే గాస్కెట్) మార్చేయకండి. తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైన ఉన్నదేది? దాన్ని పట్టుకోండి.

పట్టుకోవడానికి రెండు దారులు. ఖర్చులేనిది పౌడర్. అవును, ముఖానికి కొట్టుకునే పౌడరే. తుడిచి ఆరిన చోట పలచగా చల్లండి, ఇంజన్ పది నిమిషాలు నడపండి. తెల్ల పౌడర్ మీద ఆయిల్ గీత ఎక్కడ మొదలైందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. బెల్టులున్న వైపు మాత్రం చల్లొద్దు. రెండోది యూవీ డై. ఇంజన్ ఆయిల్లో కలిపే చిన్న సీసా, ఎంత పోయాలో దాని మీదే ఉంటుంది. పోసి చంద్రగిరి కోట దాకా ఒక రౌండ్ వెళ్లి రండి. తర్వాత షెడ్డులో లైట్లు ఆర్పి యూవీ టార్చ్ కొడితే లీకైన ఆయిల్ పసుపుపచ్చగా మెరుస్తుంది. నిన్న ఈ బండికి అదే చేశాం. తమ్ముడూ, లైట్లు ఆర్పు.

చూడండి. ఇది ట్యాపెట్ కవర్, ఇంజన్ పైన ఉండే మూత. కుడివైపు, అంటే టైమింగ్ బెల్ట్ వైపు శుభ్రంగా ఉంది. మధ్యలో శుభ్రంగానే ఉంది. ఇటు రండి, గేర్‌బాక్స్ వైపు, వెనక మూల. మెరుస్తోందా? ఇక్కడ మొదలై, హెడ్డు పక్కనుంచి దారం లాగా దిగి, మ్యానిఫోల్డ్ హీట్ షీల్డ్ మీద పడుతోంది. సిగ్నల్ దగ్గర మాడు వాసన ఇక్కడిదే. పరుగు మీద ఉన్నంతసేపూ గాలి ఆ వాసనను తీసుకుపోతుంది. ఆగగానే అద్దం కింద ఉన్న గాలి దారిలోంచి ఏసీలోకి వస్తుంది.

ఈ ఇంజన్ సంగతి తెలిసినవాళ్లకు ఆ మూల చూడగానే అర్థమవుతుంది. వాల్వుల్ని తెరిచే రెండు క్యామ్‌షాఫ్టుల్నీ కలిపే చిన్న చైను అక్కడ ఉంటుంది. చైన్‌ను బిగువుగా పట్టే టెన్షనర్ కింద ఒక ప్యాకింగ్, అర్ధచంద్రాకారంలో ఒక రబ్బరు ముక్క ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రబ్బరు బిగుసుకుపోయి ప్లాస్టిక్‌లా అవుతుంది. చాలామంది ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చి పంపిస్తారు, నెలకే మళ్లీ కారుతుంది. ఎందుకంటే కారేది దాని కిందిది. ఇది మార్చాలంటే టెన్షనర్‌ను నొక్కి పట్టే టూలు కావాలి, క్యామ్ క్యాపులు విప్పాలి. బిగించేటప్పుడు రెండు క్యామ్‌ల గుర్తుల మధ్య చైన్ రోలర్లు సరిగ్గా 16 ఉండాలి. ఒక్కటి అటూ ఇటూ అయితే వాల్వ్ టైమింగ్ పోతుంది. లెక్కపెట్టి, ఫోటో తీసి, మళ్లీ లెక్కపెట్టండి. కవర్ నట్లకు 10 న్యూటన్ మీటర్లు చాలు. చేతి బలం చూపిస్తే కవర్ వంగి కొత్త లీకు మొదలవుతుంది.

పనిలో పనిగా ప్లగ్గు గుంతల్లో ఆయిల్ ఉందేమో చూడండి. కాయిల్ పైకి లాగితే కింది రబ్బరు తడిగా వస్తే మధ్య ప్యాకింగ్ కూడా పోయినట్టే. ఇందులో పొడిగానే ఉంది.

సరే, ప్యాకింగ్ పాతబడి పోయింది. కానీ నేను అక్కడితో ఆగను. లోపల ప్రెజర్ ఎక్కువైతే ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా ఆయిల్ బయటికి తోసుకొస్తుంది. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటికి ఇలా రబ్బరు గ్లవ్ తొడగండి. గ్లవ్ మెల్లగా లోపలికి పీల్చుకోవాలి. మాది చూడండి... ఉబ్బుతోంది. ఐదు వేళ్లూ నిలబడ్డాయి, మనకు దండం పెడుతున్నట్టే ఉంది. అంటే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పొట్ట భాగం) గాలి బయటపడే దారిలో లోపం ఉంది, లేదా రింగుల పక్కనుంచి కంప్రెషన్ దిగుతోంది. రింగుల సంగతి కంప్రెషన్ టెస్టులో తేలుతుంది. ఈ బండికి నిన్ననే చేశాం, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా వచ్చాయి. ఇక మిగిలింది బ్రీదర్, అంటే ఆ గాలి బయటపడే దారి.

బ్రీదర్ పైపులు ఇంటేక్ మ్యానిఫోల్డ్ కింద ఉంటాయి. వేలితో నొక్కండి. మెత్తగా ఉండాల్సింది బిస్కెట్టులా విరుగుతోంది. ఇందులో ఒక చెక్ వాల్వ్ ఉంది, ఇదే ముఖ్యం. బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ప్రెజర్, వచ్చినప్పుడు ఇంటేక్‌లోని ప్రెజర్ వెనక్కి క్రాంక్‌కేస్‌లోకి రాకుండా ఆపేది ఇది. బయటికి తీసి నోటితో ఊదండి. ఒకవైపు గాలి పోవాలి, రెండోవైపు పోకూడదు. దీనికి రెండువైపులా పోతోంది. అంటే యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా టర్బో తన గాలిని ఇంజన్ పొట్టలోకే ఊదుతోంది. ప్యాకింగ్ ఎక్కడ బలహీనంగా ఉందో అక్కడ ఆయిల్ చీల్చుకొస్తుంది. వాల్వ్ ధర టర్బో ధరలో ఏ మూలకూ రాదు. అందుకే ముందు టర్బో మాటెత్తొద్దు అంటున్నాను.

ఇప్పుడు టర్బో దగ్గరికి వద్దాం. టర్బో షాఫ్ట్ నిలబడేది ఆయిల్ పొర మీద. పైనుంచి సన్న పైపులో ప్రెజర్‌తో ఆయిల్ వస్తుంది, కింద లావు పైపులోంచి ఛాంబర్‌లోకి దానంతట అదే జారిపోతుంది. ఆ కింది పైపులో ప్రెజర్ ఏమీ ఉండదు, బరువుకు దిగడమే. ఆ దారికి అడ్డం వచ్చినా, ఛాంబర్‌లో ప్రెజర్ ఎక్కువైనా ఆయిల్ దిగలేక షాఫ్ట్ సీళ్ల పక్కనుంచి టర్బైన్ (పొగతో తిరిగే చక్రం) వైపో, ఇంటేక్ వైపో తప్పించుకుంటుంది. సైలెన్సర్లో నీలం పొగ వస్తుంది. అందరూ టర్బోనే తిడతారు, పాపం దాని తప్పేమీ ఉండదు. ఆ కింది పైపు, అంటే రిటర్న్ పైపు, ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) దగ్గర ప్యాకింగ్‌కు బదులు సిలికాన్ గమ్ రాసి బిగించడం ఇంకో అలవాటు. ఎక్కువైన గమ్ లోపలికి పిండుకుని దారిని సగం మూసేస్తుంది. దయచేసి అక్కడ గమ్ వాడకండి. పై పైపు విప్పితే రాగి వాషర్లు కొత్తవే వేయండి.

టర్బో నిజంగా పోయిందో లేదో చూడాలంటే ఇంటేక్ పైపు విప్పి షాఫ్ట్ కొనను వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే, ఆయిల్ లేనప్పుడు ఆ మాత్రం సందు ఉంటుంది. ముందుకు వెనక్కి మాత్రం కదిలినట్టు చేతికి తెలియకూడదు. చక్రం తిప్పితే గోడకు రాసుకోకూడదు, రెక్కల అంచులు చెక్కుకుపోయి ఉండకూడదు. ఇది చూడండి, ముందుకు వెనక్కి ఏమీ లేదు, తిప్పితే మెత్తగా తిరుగుతోంది. పైపు లోపల పలచగా ఆయిల్ తడి ఉంది కదా, దానికి టెన్షన్ పడొద్దు. బ్రీదర్ ఆవిరి ఈ పైపులోకే వస్తుంది. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) విప్పినప్పుడు పోగుపడిన ఆయిల్ ఒలికితే అప్పుడు ఆలోచించాలి.

పొగ సంగతి. ఇక్కడ మన తిరుపతి వాళ్లకు ఒక వసతి ఉంది, తిరుమల ఘాట్ రోడ్డు. 1974లో వేసిన దారిలో ఎక్కుతాం, 1944 నాటి పాత దారిలో దిగుతాం. దిగేటప్పుడు రెండో గేర్‌లో కాలు తీసేసి వస్తుంటే ఇంటేక్‌లో వ్యాక్యూమ్ బాగా పెరిగి, వాల్వ్ సీళ్లు అరిగి ఉంటే ఆయిల్‌ను లోపలికి లాక్కుంటుంది. కిందికి వచ్చి అలిపిరి దాటాక యాక్సిలరేటర్ ఇవ్వండి, వెనక బండిలో ఉన్న మనిషిని చూడమనండి. గుప్పున నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్ల మీద అనుమానం. అలా కాకుండా క్యూలో చాలాసేపు స్లోలో ఆగి కదిలినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లతో పాటు టర్బో సీళ్లు, రిటర్న్ పైపు కూడా చూడాలి. టెస్టు పేరుతో కొండ మీద పందేలు మాత్రం వద్దు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని టీటీడీ రూలే ఉంది. ఈ టెస్టుకు ఆ స్పీడు చాలు కూడా. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ కాలుతోందని, తియ్యటి వాసనతో తెల్ల పొగైతే కూలెంట్ కాలుతోందని. వాటికి వేరే వీడియో కావాలి.

ఇక టిక్ టిక్ చప్పుడు. ఇది ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే దొరుకుతుంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది, చప్పుడు పోతుంది. అందుకే బండిని రాత్రి ఇక్కడే పెట్టించుకున్నాం. మీటరు పొడవు రబ్బరు గొట్టం తీసుకుని ఒక కొన చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొనను మ్యానిఫోల్డ్ జాయింట్ల వెంట మెల్లగా జరపండి. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా. లీకున్న చోట చప్పుడు చెవిలో కొట్టినట్టు వినిపిస్తుంది. షెడ్డు షట్టర్ పూర్తిగా తెరిచి పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆయిల్ మాడితే ముక్కు చెప్తుంది, ఇది చెప్పదు. ఎగ్జాస్ట్ లీకున్న బండిలో పిల్లల్ని, పెద్దవాళ్లను ఎక్కించుకుని దూరం వెళ్లకండి.

రెండో పద్ధతి ఇంజన్ ఆపేసి చేసేది, నాకు ఇదే ఇష్టం. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్‌ను గాలి ఊదే వైపు పెట్టి, సైలెన్సర్ గొట్టంలోకి దూర్చి చుట్టూ గుడ్డ కుక్కండి. ఇప్పుడు సబ్బు నీళ్లు స్ప్రే చేయండి. మ్యానిఫోల్డ్, హెడ్డు కలిసే చోట... ఏమీ లేదు. టర్బో, దాని తర్వాత కిందికి దిగే డౌన్‌పైపు మధ్య... లేదు. మ్యానిఫోల్డ్, టర్బో కలిసే ఫ్లాంజ్... అదిగో బుడగలు. అద్దం పెట్టి చూపిస్తాను. ఒక బోల్టు తల లేదు, విరిగిపోయింది. దాని పక్కనే మసి గీత కూడా చూడండి, విసనకర్ర విప్పినట్టు పరుచుకుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు కూడా కొంచెం గాలి చప్పుడు రావచ్చు, ఏదో ఒక సిలిండర్లో వాల్వు తెరిచి ఉంటుంది కాబట్టి. అది లీకు కాదు.

ఈ లీకు టర్బోకు ముందుంది. టర్బైన్‌ను తిప్పాల్సిన పొగలో కొంత బయటికి పోతోంది, అందుకే బూస్ట్ ఆలస్యంగా వస్తోంది. ఓనర్ "పికప్ తగ్గింది" అన్నది ఇదే. అదే లీకు టర్బో తర్వాత, ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు ఉంటే పికప్ పెద్దగా తగ్గదు కానీ బయటి గాలి లోపలికి చేరి సెన్సర్‌ను తికమక పెడుతుంది. పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఎక్కువ పోస్తుంది. స్కానర్లో పీ0171 (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని చెప్పే కోడ్) కనిపిస్తే ఇంటేక్ పైపులతో పాటు ఈ జాయింట్లూ చూడండి.

కాబట్టి ఈ బండికి కావాల్సినవి: చైన్ టెన్షనర్ ప్యాకింగ్, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్టు, బ్రీదర్ పైపులు, చెక్ వాల్వ్, టర్బో ఫ్లాంజ్ ప్యాకింగ్, బోల్టులు. టర్బో లిస్టులో లేదు. ఆయిల్ ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-40 పోస్తాం. అన్నీ అయ్యాక గేజు మీద లెవెల్ చూసి ఓనర్‌కు చెప్తాం, 1000 కిలోమీటర్లకు మళ్లీ చూడమని. అర లీటరు వరకు తగ్గడం స్కోడా తన మాన్యువల్లోనే ఒప్పుకుంటుంది, అంతకు మించితే తీసుకురమ్మని. విరిగిన బోల్టు ముక్క ఇంకా లోపలే ఉంది. రస్ట్ ఆయిల్ కొట్టి నానబెట్టాం. అది రాకపోతే టర్బో దించి ఆర్గాన్ వెల్డింగ్‌తో నట్టు అతికించి తిప్పాలి, ఆ పని వచ్చే వీడియోలో చూపిస్తాను.