రోకలి నిలబడింది సరే, పిల్లలేమనుకున్నారు?

టీచర్లకి, తల్లిదండ్రులకి నమస్కారం.

సూటిగా విషయానికొస్తాను. ఇప్పుడు చాలా బడుల్లో ఏదీ గుడ్డిగా నమ్మొద్దని పిల్లలకి చెబుతున్నాం, ప్రయోగాలు చేయిస్తున్నాం, వాట్సాప్‌లో తిరిగే ఫేక్ వీడియోలు చూపించి తప్పెక్కడుందో కనిపెట్టమంటున్నాం. సంతోషం. కానీ బెల్లు కొట్టగానే ఆ పాఠం అక్కడితో సరి. తన బుర్రలో ఏం జరిగిందో పిల్లవాడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకునే టైం మనం ఇవ్వట్లేదు. నా బాధంతా దాని గురించే.

గ్రహణం రోకలి సంగతి మీ అందరికీ తెలుసు. 2022 అక్టోబర్ 25న, దీపావళి మర్నాడు సూర్యగ్రహణం వచ్చినప్పుడు కూడా మన ఊళ్ళల్లో పళ్ళెంలో నీళ్ళు పోసి రోకళ్ళు నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుందని, విడిచాక దానంతటదే పడిపోతుందని చెబుతారు. గ్రహణమేమీ లేని ఒక మామూలు రోజున నేను ఆరో తరగతికి రోకలి పట్టుకెళ్ళాను. పొన్ను వేసిన బరువైన రోకలి, అడుగు చదునుగా ఉంది. పిల్లలు వంతులవారీగా ప్రయత్నించారు, వాలిపోతూనే ఉంది, చివరికి ఒకమ్మాయి రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఊపిరి బిగబట్టి మెల్లగా వదిలితే నిలబడింది. క్లాసంతా ఒకటే అరుపులు. గరిమనాభి, అంటే వస్తువు బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసుకునే బిందువు, దాని నుంచి గీసిన నిలువు గీత అడుగు లోపలే పడితే ఏ వస్తువైనా నిలబడుతుందని బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను.

అక్కడితో ఆపేసి "ఈరోజు ఏం నేర్చుకున్నారు?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "మూఢనమ్మకాలు నమ్మకూడదు సార్" అంటారు. ఎక్కాలు అప్పజెప్పినట్టు! నిన్నటిదాకా నాయనమ్మ చెప్పిందని నమ్మారు, ఈరోజు సారు చెప్పారని నమ్ముతున్నారు, అంతే తేడా.

అందుకే ఆ ప్రశ్న మానేసి, పాఠానికి ముందు నువ్వేమనుకున్నావు, ఎందుకలా అనుకున్నావు, సరిగ్గా ఏది చూసినప్పుడు నీకు అనుమానం వచ్చింది అని రాయమన్నాను. మార్కుల్లేవు, తప్పులు దిద్దను అని ముందే చెప్పాను, ఎందుకంటే మార్కులుంటే పిల్లలు మనకి నచ్చేదే రాస్తారు. ఒకబ్బాయి "మా నాయనమ్మ అబద్ధం చెప్పదు, అందుకే నమ్మాను" అని రాశాడు. ఎంత మంచి మాట! అబద్ధం చెప్పడం వేరు, పొరబడటం వేరు అన్న దాని మీదే ఆ పీరియడ్‌లో మిగిలిన టైమంతా మాట్లాడుకున్నాం. నాయనమ్మ మీద గౌరవం పోకుండానే ఆమె మాటని పరీక్షించి చూడొచ్చని వాడికి అర్థమైంది. ఇది తేలకుండా ఇంటికి పంపిస్తే పిల్లలు పెద్దవాళ్ళని ఎగతాళి చేస్తారు, లేదంటే పాఠాన్నే వదిలేస్తారు.

ఇంకో అమ్మాయి ఏం రాసిందంటే, "మామూలు రోజు నిలబడింది సార్, కానీ గ్రహణం రోజు ఇంకా తేలిగ్గా నిలబడుతుందేమో, మనం చూడలేదు కదా." పాఠం ఎక్కలేదని కొందరు అనుకోవచ్చు. నన్నడిగితే ఆరోజు అందరికంటే బాగా ఆలోచించింది ఆ పిల్లే, మనం చేసింది సగం ప్రయోగమేనని పట్టేసింది.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 1976 నుంచి మన రాజ్యాంగంలో ఉంది, 51ఎ అధికరణం. దాన్ని బట్టీ కొట్టిస్తే సరిపోదు. తల్లిదండ్రులు కూడా రాత్రి అన్నాల దగ్గర "ఈరోజు దేని గురించైనా నీ అభిప్రాయం మారిందా, ఎందుకు?" అని అడగండి. జవాబు ఆలస్యమైతే మీరు అందించేయకండి. మీరు ఫార్వర్డ్ చేసిన మెసేజ్ తప్పని తేలితే ఆ మాట పిల్లల ముందే అనండి.

2027 ఆగస్టు 2, సోమవారం సాయంత్రం మనకి పాక్షిక సూర్యగ్రహణం ఉంది. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు కోసం పిల్లలే ప్లాన్ వేసుకున్నారు: అదే రోకలి, అదే నేల, ముందు రోజుల్లో ఎన్ని ప్రయత్నాలకి నిలబడిందో, గ్రహణం వేళ ఎన్నింటికి నిలబడిందో రాసుకోవాలి, విడిచాక పడుతుందో లేదో కూర్చుని చూడాలి. సూర్యుణ్ణి చూడటానికి గ్రహణం కళ్ళద్దాలు మేం తెప్పిస్తాం. ఆ సాయంత్రం పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపులేయకుండా బడి దగ్గరికి పంపండి, వీలైతే నాయనమ్మల్ని కూడా తీసుకురండి.